కారు పెయింటుకు పాలిషింగ్ యంత్రం: ఎంపిక, వినియోగం

యంత్రంతో కారును పాలిష్ చేయడం అంటే మెరుపు పూయడం కాదు, పెయింటును కొద్దిగా అరగదీయడం. ఈ పాఠంలోని మిగతా విషయాలన్నీ ఈ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంటాయి కాబట్టి దీన్ని ముందే చెబుతున్నాను. మైనం రాస్తే కారుపై ఒక పొర చేరుతుంది, నాలుగు వానలకు అది పోతుంది, మళ్ళీ రాయవచ్చు. పాలిష్ చేస్తే ఉన్న పొర నుంచే కొంత పోతుంది. పోయింది తిరిగి రాదు. ఫ్యాక్టరీలో వేసిన పెయింటు విషయంలో ఇది మరీ నిజం, ఎందుకంటే వీధి చివరి షాపులో ఆ నాణ్యతతో దాన్ని మళ్ళీ వేయడం దాదాపు సాధ్యం కాదు.

మీలో కొందరు ఈ పనిని ఉపాధిగా ఎంచుకునే ఆలోచనలో ఉండవచ్చు. అప్పు చేసి యంత్రం కొని, మొదటి నెలలోనే ఎవరి బానెట్ అంచునో కాల్చేస్తే, ఆ భాగానికి పెయింటు వేయించే ఖర్చు మీ పది కార్ల సంపాదనను మింగేస్తుంది. అందుకే ఏ యంత్రం కొనాలన్న ప్రశ్నకు ముందు, అది దేన్ని అరగదీస్తుందో తెలుసుకుందాం.

1. అరిగే పొర ఏది?

ఇప్పటి కార్లలో ఉక్కు రేకు మీద సాధారణంగా నాలుగు పొరలుంటాయి. అడుగున తుప్పు పట్టకుండా విద్యుత్ పద్ధతిలో అంటించిన పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగునిచ్చే బేస్ కోటు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోటు. వీటన్నిటి మందం కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మీరు రోజూ చూసే జిరాక్స్ కాగితం మందం సుమారు 100 మైక్రాన్లు. అంటే కారు పెయింటు మొత్తం కాగితం ఒకటి, ఒకటిన్నర మందం. అందులో మనం పనిచేసే క్లియర్ కోటు 35 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే, సగం కాగితమన్నమాట.

ఈ సగం కాగితం అందం కోసమే ఉందనుకోవద్దు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే పదార్థాలు ఇందులోనే ఉంటాయి. ఈ పొర బాగా పలచబడితే కింది రంగుకు రక్షణ తగ్గుతుంది. కొన్నేళ్ళకు బానెట్ మీద, పైకప్పు మీద తెల్లటి మచ్చలు ఏర్పడి, పొర పొలుసుల్లా లేస్తుంది. పాత కార్లలో ఇలాంటివి మీరు చూసే ఉంటారు. ఆ దశలో ఏ పాలిషూ పనికిరాదు, పెయింటు వేయించడం ఒక్కటే మార్గం.

ఇక లెక్క చూడండి. మెత్తని ప్యాడ్‌తో తేలికగా చేసిన పాలిష్ ఒక మైక్రాన్ లేదా అంతకన్నా తక్కువ తీస్తుంది. గట్టి కాంపౌండ్, ఉన్ని ప్యాడ్ కలిస్తే మూడు నుంచి ఐదు మైక్రాన్లు, పని మొరటుగా ఉంటే ఇంకా ఎక్కువే పోవచ్చు. కారు జీవితకాలంలో క్లియర్ కోటులో నాలుగో వంతుకు మించి తీయకూడదన్నది నేను పాటించమని చెప్పే హద్దు. 40 మైక్రాన్ల పొరలో అది 10 మైక్రాన్లు. ఏడాదికి రెండుసార్లు గట్టి బఫింగ్ చేయించుకునే కారుకు, ఒక్కోసారికి నాలుగు మైక్రాన్ల చొప్పున, ఆ పదీ రెండో ఏడాది మొదటి బఫింగ్‌తోనే అయిపోతాయి. ‘సర్వీసుకొకసారి రబ్బింగ్ ఉచితం’ అనే ప్యాకేజీలు నాకు ఎందుకు నచ్చవో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మందం కొలిచే గేజీలు దొరుకుతాయి. ఉక్కు మీద అయస్కాంత ప్రేరణతో, అల్యూమినియం మీద ఎడ్డీ ప్రవాహాలతో ఇవి పనిచేస్తాయి. ప్లాస్టిక్ బంపర్ల మీద ఈ రకం గేజీ ఏమీ చెప్పలేదు. ఒక మెలిక గుర్తుంచుకోండి: గేజీ చూపేది అన్ని పొరల మొత్తం మందాన్నే, క్లియర్ కోటును విడిగా చూపదు. కాబట్టి దాని ఉపయోగం ఎక్కువగా పోల్చడంలో ఉంది. మూడు తలుపులు 120 చూపి, నాలుగోది 250 చూపితే ఆ తలుపుకు మళ్ళీ పెయింటు పడిందని అర్థం. అంకె 1000 దాటితే కింద పుట్టీ ఉన్నట్టే. అలాంటి చోట పైపొర ఎంత గట్టిదో, ఎంత మందమో ఊహించలేం, చేయి మరింత తేలిగ్గా పడాలి.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి పాత వాహనాలకు క్లియర్ కోటు ఉండేది కాదు, రంగే పైపొర. రుద్దితే గుడ్డకు రంగు అంటేది. ఇప్పుడు కూడా కొన్ని వాహనాలకు, ముఖ్యంగా తెలుపు రంగు వాణిజ్య వాహనాలకు, ఒకే పొర పెయింటు కనిపిస్తుంది. ఒకే పొర అయితే ప్యాడ్‌కు రంగు అంటడం మామూలే. క్లియర్ కోటు ఉన్న కారులో ప్యాడ్‌కు రంగు అంటిందంటే మీరు పొరను చీల్చుకుని లోపలికి వెళ్ళారన్నమాట.

2. గీతలు గుండ్రంగా ఎందుకు కనిపిస్తాయి?

నల్ల కారును ఎండలో చూడండి. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడులా సన్నని వలయాలు కనిపిస్తాయి. వీటిని షాపుల్లో స్విర్ల్ మార్కులు అంటారు. గుండ్రంగా తుడవడం వల్ల ఇవి వస్తాయని చాలామంది అనుకుంటారు. కానీ మీ తల కొంచెం పక్కకు జరపండి, వలయాలు కూడా మీతోపాటు జరుగుతాయి. నిజంగా వలయాకారపు గీతలైతే అవి ఉన్నచోటే ఉండాలి కదా!

అసలు సంగతి ఇది. ఉపరితలం మీద అన్ని దిశల్లోనూ వేల కొద్దీ సన్నని గీతలున్నాయి. వెలుగును మీ కంటివైపు తిప్పగలిగేవి ప్రతిబింబం చుట్టూ అడ్డంగా, అంటే స్పర్శరేఖ దిశలో ఉన్న గీతలు మాత్రమే. మిగిలినవి చీకట్లో ఉండిపోతాయి. కనిపించే ముక్కలన్నీ కలిసి కంటికి వలయాలవుతాయి.

ఈ గీతలకు మన ఊళ్ళలో ముఖ్య కారణం ఎండ కాదు, తుడిచే పద్ధతి. అపార్టుమెంట్ల కింద పొద్దున్నే ఒక బకెట్టు నీళ్ళు, ఒకే గుడ్డతో వరసగా పది కార్లు తుడుస్తారు. దుమ్ములోని ఇసుక రేణువు గుడ్డలో చిక్కి ప్రతి కారు మీదా గీత గీస్తుంది. ఈ అలవాటు మారకపోతే మీరు ఎంత బాగా పాలిష్ చేసినా రెండు నెలల్లో గీతలు తిరిగి వస్తాయి, యజమాని మళ్ళీ పాలిష్ చేయమంటాడు, క్లియర్ కోటు మళ్ళీ అరుగుతుంది. కారు అప్పగించేటప్పుడు ఈ మాట యజమానికి చెప్పండి. వ్యాపారం తగ్గుతుందేమోనని జంకవద్దు.

గీత మీద గోరు అడ్డంగా నడిపినప్పుడు గోరు తట్టుకుంటే ఆ గీత చాలా లోతైనది. దాన్ని పూర్తిగా తీయాలంటే చుట్టూ ఉన్న పొరనంతా ఆ లోతుకు దించాలి. దాన్ని కొంత మసకబార్చి వదిలేయడమే మంచిది.

3. యంత్రాలు: తిరగలి, గిన్నె తోమే చెయ్యి

పాలిషింగ్ యంత్రాలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది రోటరీ. ఇందులో ప్యాడ్ ఒక స్థిరమైన ఇరుసు చుట్టూ తిరుగుతుంది, తిరగలి పైరాయిలాగా. రెండోది డ్యూయల్ యాక్షన్, షాపుల్లో డీఏ అంటారు. ఇందులో ప్యాడ్ మధ్యబిందువే ఒక చిన్న వృత్తంలో తిరుగుతుంది. గిన్నె తోమేటప్పుడు మీ చెయ్యిని గమనించండి. అరచెయ్యి బొంగరంలా తిరగదు, చిన్న చిన్న సున్నాలు చుడుతుంది. డీఏ యంత్రం ప్రధానంగా చేసేది అదే. దానితోపాటు బేరింగు మీద స్వేచ్ఛగా ఉండటం వల్ల ప్యాడ్ తన చుట్టూ తాను కూడా నెమ్మదిగా తిరుగుతుంది. ఈ రెండు చలనాల వల్లే ఆ పేరు వచ్చింది.

తేడాను అంకెల్లో చూద్దాం. 150 మి.మీ. ప్యాడ్ ఉన్న రోటరీ నిమిషానికి 1500 చుట్లు తిరుగుతోందనుకోండి. ప్యాడ్ చుట్టుకొలత 3.14 × 0.15 = 0.471 మీటర్లు. సెకనుకు 25 చుట్లు. కాబట్టి ప్యాడ్ అంచు వేగం సెకనుకు సుమారు 11.8 మీటర్లు, అంటే గంటకు 42 కిలోమీటర్లు. అదే సమయంలో ప్యాడ్ మధ్యబిందువు వేగం సున్నా! ఒకే ప్యాడ్ కింద ఒకచోట ఏమీ జరగదు, మరోచోట పెయింటు వేడెక్కుతుంది.

ఇప్పుడు 15 మి.మీ. వృత్తంలో నిమిషానికి 4000 సార్లు తిరిగే డీఏను తీసుకోండి. వృత్తం చుట్టుకొలత 0.0471 మీటర్లు, సెకనుకు 66.7 చుట్లు. వేగం సెకనుకు సుమారు 3.1 మీటర్లు. ప్యాడ్ స్వయంగా తిరిగే నెమ్మది చలనాన్ని పక్కన పెడితే, ఈ వేగం ప్యాడ్ మీద ప్రతి బిందువుకూ ఒకటే, మధ్యలోనైనా అంచులోనైనా. ఘర్షణ వల్ల క్షణక్షణానికి పుట్టే వేడి, ఘర్షణ బలాన్ని వేగంతో గుణిస్తే వస్తుంది. అదే ఒత్తిడికి డీఏ కింద వేడి ఎందుకు తక్కువో, అది ఎందుకు అంతటా సమానంగా పరుచుకుంటుందో ఈ లెక్కే చెబుతుంది.

డీఏకు మరో సుగుణం ఉంది. ఎక్కువగా నొక్కినా, ప్యాడ్‌ను వాలుగా పట్టినా, దాని స్వేచ్ఛా భ్రమణం ఆగిపోతుంది. ఊగుతుంది కానీ తిరగదు, కోత బాగా తగ్గుతుంది. ఇది లోపం కాదు, నేర్చుకునేవారికి పెట్టని కోట. రోటరీ అలా ఆగదు. నొక్కితే నొక్కినంత కోస్తుంది, అంచు దొరికితే రెండు మూడు సెకన్లలో రంగు దాకా వెళ్తుంది. అందంగా ముగించడం తెలియని చేతిలో అది హోలోగ్రామ్‌లనే నీడగీతలు కూడా వదులుతుంది. షాపు ట్యూబులైటు కింద అవి కనిపించవు, యజమాని కారు ఎండలోకి తీయగానే కనిపిస్తాయి.

మరి రోటరీ దేనికి? కొత్తగా పెయింటు వేసి, 2000 నంబరు నీటి కాగితంతో రుద్దిన భాగాన్ని త్వరగా మెరుపులోకి తేవడానికి అనుభవజ్ఞుల చేతిలో దానికి సాటి లేదు. డెంటింగ్, పెయింటింగ్ షాపుల్లో దాని స్థానం అదే. ఈ రెంటికీ నడుమ, గేర్ల సాయంతో భ్రమణం ఆగకుండా చేసిన డీఏలు కూడా ఉన్నాయి. జర్మనీకి చెందిన ఫ్లెక్స్ కంపెనీ వీటికి పేరు తెచ్చింది. పెద్ద వృత్తంలో తిరిగే స్వేచ్ఛా భ్రమణ యంత్రాలకు ఇటలీకి చెందిన రూపెస్ పేరుపొందింది. ఏ కంపెనీది కొన్నా సూత్రం మాత్రం ఇదే.

ఒక హెచ్చరిక. 4 అంగుళాల కోత గ్రైండరుకు బఫ్ బిగించి పాలిష్ చేసేవారు మన ఊళ్ళలో ఉన్నారు. ఆ గ్రైండర్ ఖాళీగా నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. 100 మి.మీ. బఫ్ అంచు వేగం లెక్క వేయండి: సెకనుకు 57 మీటర్లు పైనే, గంటకు 200 కిలోమీటర్లు పైమాట. పెయింటు సంగతి అలా ఉంచి, ఆ వేగానికి తయారు చేయని బఫ్ ఊడి ముఖం మీదికి రావచ్చు. వేగం తగ్గించే చక్రం ఉందని ఎవరైనా చెప్పినా ఈ పనికి గ్రైండరు వాడకండి.

4. కొనేముందు

మొదటి యంత్రంగా 15 మి.మీ. త్రో, 125 మి.మీ. బ్యాకింగ్ ప్లేటు ఉన్న డీఏ కొనమని నా సలహా. త్రో అంటే ప్యాడ్ మధ్యబిందువు తిరిగే వృత్తం వ్యాసం. 21 మి.మీ. త్రో యంత్రం త్వరగా పని పూర్తి చేస్తుందన్నది నిజమే, కానీ పెద్ద చదునైన భాగాల మీదనే. ఆల్టో, స్విఫ్ట్ లాంటి కార్ల మడతలు, వంపుల మీద దాని ప్యాడ్ మాటిమాటికీ ఆగిపోతుంది. రెండో యంత్రం కొనగలిగిన రోజున 75 మి.మీ. ప్లేటు ఉన్న చిన్నది తీసుకోండి. స్తంభాలు, బంపరు మూలలు, అద్దాల గూళ్ళు దానితోనే సాధ్యం.

వాట్ల సంఖ్యను చూసి మోసపోవద్దు. మంచి డీఏకు 500 వాట్లయినా చాలు. పాలిష్ భారం పడినప్పుడు వేగం పడిపోకుండా నిలబెట్టే ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉందా అన్నది అసలు ప్రశ్న. షాపులోనే ఆన్ చేసి, ఐదు నిమిషాలు చేత్తో పట్టుకుని చూడండి. చేతులు జివ్వుమంటే రోజుకు నాలుగు గంటలు దానితో పని చేయలేరు. బరువు రెండు, రెండున్నర కిలోలకు మించకపోతే మేలు. తరువాత అడగాల్సింది కార్బన్ బ్రష్‌లు, బ్యాకింగ్ ప్లేటు విడిగా దొరుకుతాయా అని. డీఏకు ప్లేటు బరువును తూకం చేసే ప్రతిభారం లోపల ఉంటుంది. వేరే సైజు ప్లేటు బిగిస్తే ఆ తూకం చెడి యంత్రం ఊగిపోతుంది. మర కూడా చూసుకోవాలి: రోటరీలకు మన దగ్గర ఎక్కువగా ఎం-14 మర, డీఏలలో కొన్నిటికి ఎం-8, మరికొన్నిటికి అంగుళాల కొలత మర ఉంటుంది. ఒకదాని ప్లేటు మరొకదానికి పట్టదు.

బ్యాటరీ యంత్రాలు చిన్న పనులకు హాయిగా ఉంటాయి. కారు మొత్తానికి మాత్రం తీగ ఉన్నదే నమ్మకం. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కనీసం 1.5 చదరపు మి.మీ. తీగ వాడండి, ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. నీళ్ళతో కడిగిన నేల మీద పనిచేస్తున్నామని మరవకండి.

5. ప్యాడ్, కాంపౌండ్

యంత్రం ఒక్కటే కోత నిర్ణయించదు. ఉన్ని ప్యాడ్, మైక్రోఫైబర్ ప్యాడ్ ఎక్కువ కోస్తాయి. ఫోమ్ ప్యాడ్లు గట్టివి, మధ్యరకం, మెత్తవి అని దొరుకుతాయి. రంగును చూసి గుర్తుపట్టవచ్చు అనుకోవద్దు, ఒక కంపెనీకి పసుపు ప్యాడ్ ఒక రకమైతే మరో కంపెనీకి ఇంకో రకం. ఒక కారుకు కనీసం నాలుగైదు ప్యాడ్లు ఉండాలి, ఎందుకంటే నానిన ప్యాడ్ కోయదు, వేడెక్కుతుంది. యంత్రం మీద ఎక్కువ, ప్యాడ్ల మీద తక్కువ ఖర్చు పెట్టడం కొత్తవాళ్ళలో నేను తరచు చూసే పొరపాటు.

కాంపౌండ్లలో రాపిడి రేణువులు ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడువి. కొన్ని రకాల్లో అవి పని జరిగే కొద్దీ నలిగి సన్నబడతాయి, కొన్నిటిలో చివరి దాకా అదే పరిమాణంలో ఉంటాయి. మొదటి రకాన్ని మధ్యలో తుడిచేస్తే మొరటు గీతలు మిగులుతాయి కాబట్టి డబ్బా మీద ఏ రకమో చదవండి. కొన్నిటిలో గీతలను తాత్కాలికంగా పూడ్చే నూనెలు కూడా ఉంటాయి. కారు ఆ రోజు అద్దంలా ఉంటుంది, నాలుగైదు వాషింగుల తరువాత గీతలు బయటపడతాయి. అందుకే పాలిష్ చేసిన చోట నీళ్ళు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నూనె పోయాక మాత్రమే ఫలితాన్ని చూడాలి.

6. పని చేసే తీరు

కారును కడిగి, అంటుకున్న ఇనుప ధూళిని, తారు చుక్కలను క్లే బార్‌తో తీయండి. బోరు నీళ్ళతో కడిగితే ఆరకముందే తుడవండి, ఆ ఉప్పు మచ్చలు మళ్ళీ తలనొప్పి. రబ్బరు అంచులు, ప్లాస్టిక్ భాగాలు, బానెట్ మడతలు, తలుపు అంచుల మీద మాస్కింగ్ టేపు వేయండి. మడతల మీద పెయింటు పలచగా ఉంటుంది, ప్యాడ్ ఒత్తిడేమో అక్కడే ఎక్కువ పడుతుంది.

నీడలో పని చేయాలి. మన మే నెలలో రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. కాంపౌండ్ క్షణాల్లో ఎండి పొడి అవుతుంది, ఆ పొడి రుద్దితే కొత్త గీతలు. వేసవిలో తెల్లవారుజామున మొదలుపెట్టి పదింటికల్లా ఆపేయడం మంచిది. తీరప్రాంతంలో గాలిలో తేమ వల్ల కాంపౌండ్ నెమ్మదిగా ఆరుతుంది, అక్కడ ఇంకొంచెం వ్యవధి దొరుకుతుంది.

బానెట్ మీద రెండడుగుల చదరంలో ముందు పరీక్ష చేయండి. అన్నిటికన్నా మెత్తని జోడీతో, అంటే మెత్తని ప్యాడ్, సన్నని పాలిష్‌తో మొదలుపెట్టండి. దానితో గీతలు పోతే అక్కడికి చాలు. పోకపోతేనే ఒక మెట్టు గట్టిది తీసుకోండి. ఈ క్రమాన్ని తిరగేసి, త్వరగా అవుతుందని గట్టిదానితో మొదలుపెట్టేవాళ్ళు క్లియర్ కోటును అనవసరంగా ఖర్చు పెడుతున్నారు.

ప్యాడ్ మీద నాలుగైదు బఠాణీ గింజలంత పాలిష్ పెట్టి, యంత్రాన్ని ఆఫ్‌లోనే పెయింటుకు ఆనించి, తక్కువ వేగంలో పరచండి. తరువాత నాలుగు లేదా ఐదో అంకెకు పెంచండి. పొలం దున్నినట్టు నిలువు సాళ్ళు, ఆపైన అడ్డ సాళ్ళు వేయాలి. ప్రతి సాలు ముందుదాన్ని సగం కప్పాలి. చెయ్యి సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లకు మించి కదలకూడదు. తొందరపడి అటూ ఇటూ ఊపడం వల్ల ఏ చోటా పని పూర్తి కాదు. ఒత్తిడి యంత్రం బరువుకు కొంచెం ఎక్కువ ఉంటే సరిపోతుంది. బ్యాకింగ్ ప్లేటు పక్కన మార్కరుతో ఒక గీత గీసుకోండి. పని జరుగుతుండగా ఆ గీత తిరుగుతూ కనిపించాలి. ఆగిపోయిందంటే మీరు ఎక్కువ నొక్కుతున్నారు లేదా ప్యాడ్ వాలింది.

నాలుగు నుంచి ఆరు సాళ్ళ తరువాత ఆపి, చేతివెనుక భాగం రేకుకు ఆనించి చూడండి. వెచ్చగా ఉండవచ్చు, మూడు సెకన్లు ఉంచలేకపోతే మాత్రం చల్లారేదాకా వేరే చోట పని చేయండి. బంపర్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ప్లాస్టిక్ వేడిని త్వరగా పక్కలకు పంపలేదు, వేడంతా పైపొరలోనే నిలుస్తుంది. మ్యాట్ పెయింటు ఉన్న వాహనాలను యంత్రంతో అసలు ముట్టుకోకూడదు, మెరుపు వచ్చిన మచ్చను తిరిగి మ్యాట్ చేయలేం.

తీగను భుజం మీద వేసుకోండి, చున్నీ, వదులు చొక్కా, మెడలో తాయెత్తు తాడు వద్దు. కళ్ళద్దాలు, మాస్కు తప్పనిసరి. ప్రతి చదరం తరువాత ప్యాడ్‌ను బ్రష్‌తో దులపాలి, పని అయ్యాక సబ్బు నీళ్ళలో కడిగి నీడలో ఆరబెట్టాలి. కిందపడిన ప్యాడ్‌ను కడగకుండా మళ్ళీ కారుకు ఆనించవద్దు.

అభ్యాసం

ఆటోనగర్‌లోనో పాత ఇనుము దుకాణంలోనో పెయింటుతో ఉన్న ఒక పాత బానెట్ సంపాదించండి. టేపుతో మూడు చదరాలు విడదీయండి. మొదటి దానిలో మెత్తని ప్యాడ్, సన్నని పాలిష్ వాడండి. రెండోదానిలో గట్టి ప్యాడ్, కాంపౌండ్ వాడండి. రెండింటినీ ఆల్కహాల్‌తో తుడిచి ఎండలో పోల్చండి. మూడో చదరం బానెట్ అంచును కలిపి ఉండాలి. అక్కడ టేపు వేయకుండా, గట్టి ప్యాడ్‌తో, సాళ్ళు లెక్కపెడుతూ, ప్యాడ్‌కు రంగు అంటేదాకా ఆపకండి. రేకు వేడిని మధ్యమధ్య చూసుకోండి. ఎన్నో సాలులో అంచు దగ్గర రంగు బయటపడిందో, అప్పటికి చదరం మధ్యభాగం ఎలా ఉందో పుస్తకంలో రాసుకుని కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి.